దొంగిలించిన లాబ్‌స్టర్‌కు ధర కట్టేదెలా?

2001 మే నెలలో దక్షిణాఫ్రికా అధికారులు ఒక షిప్పింగ్ కంటైనర్‌ను పట్టుకున్నారు. లోపల ఉన్నది ఎగుమతికి సిద్ధం చేసిన లాబ్‌స్టర్ సరుకు. అనుమతించిన కోటాకు మించి, చట్టవిరుద్ధంగా పట్టినది. తీగ లాగితే డొంకంతా కదిలింది. కేప్‌టౌన్ సమీపంలోని హౌట్ బే రేవు కేంద్రంగా పనిచేసే ఒక చేపల కంపెనీ 1987 నుంచీ ఇదే పని చేస్తోందని తేలింది. పట్టినదానికన్నా తక్కువ లెక్క చూపడం, తనిఖీ అధికారులకు లంచాలు ఇవ్వడం, ఎగుమతి పత్రాల్లో తప్పుడు వివరాలు రాయడం, సరుకును అమెరికాకు పంపి అక్కడ తమ సొంత కంపెనీల ద్వారానే అమ్ముకోవడం పద్నాలుగేళ్లపాటు సాగిన వ్యాపారం.

ఆ కేసు ముగియడానికి ఇంకో పదిహేనేళ్లు పట్టింది. నిందితులు నేరాన్ని ఒప్పుకున్నాక కూడా ఒక ప్రశ్న మిగిలిపోవడమే దానికి ఒక ప్రధాన కారణం. సముద్రంలోంచి దొంగిలించిన లాబ్‌స్టర్ ఖరీదెంత? బజారులో పలికే ధరేనా, లేక సముద్రంలో అది మళ్లీ తయారవడానికి అయ్యే ఖర్చా? ఈ ప్రశ్న మత్స్య శాస్త్రవేత్తల ముందుకు కూడా వెళ్లింది. పెంకు ఉన్న సముద్ర జీవుల దొంగవేటకు ఎంత జరిమానా వేయాలని ఆలోచించే ఏ దేశానికైనా, మన దేశానికి కూడా, ఈ ప్రశ్న తప్పదు.

కుబుసం విడిస్తేనే ఎదుగుదల

పైన గట్టి పెంకు ఉండే రొయ్యలు, పీతలు, లాబ్‌స్టర్లు, ఆల్చిప్పలు, గుల్లలు, సముద్రపు నత్తలు అన్నిటినీ వ్యాపార భాషలో ఒకే గంప కింద చేర్చి ‘షెల్‌ఫిష్’ అంటారు. చేపలతో వీటికి చుట్టరికం లేదు. మార్కెట్లో మంచి ధర పలకడం, పెద్దగా పారిపోలేకపోవడం ఈ గంపలోని చాలా జీవులకు ఉమ్మడి లక్షణాలు. దొంగవేటగాళ్లకు ఇంతకన్నా కావలసిందేముంది?

హౌట్ బే కంపెనీ పట్టిన సరుకులో ముఖ్యమైనది పశ్చిమ తీరపు రాతి లాబ్‌స్టర్. శాస్త్రీయ నామం జాసస్ లలాండీ. అమెరికన్ లాబ్‌స్టర్‌కు ఉన్నట్టు దీనికి పెద్ద పట్టుకాళ్లు ఉండవు. మన తీరంలో దొరికే ముళ్ల లాబ్‌స్టర్లదీ దీనిదీ ఒకే కుటుంబం. చల్లటి నీళ్లలో, రాళ్ల సందుల్లో బతుకుతుంది.

దీని ఒంటి మీది పెంకు సాగదు. ఎదగాలంటే పాత పెంకును పాము కుబుసంలా విడిచిపెట్టి, కొత్త పెంకు గట్టిపడేలోగా కొంచెం పెరగాలి. ఎదిగిన మగ లాబ్‌స్టర్ ఏడాదికి ఒకసారే కుబుసం విడుస్తుంది. అప్పుడు పెరిగేది కొద్ది మిల్లీమీటర్లు. 1990 ప్రాంతం నుంచి ఆ కొద్దిపాటి ఎదుగుదల కూడా మందగించిందని పరిశోధకులు గమనించారు. పట్టడానికి అనుమతించే కనీస కవచం పొడవు అప్పటిదాకా 89 మిల్లీమీటర్లు ఉండేది. వాణిజ్య వేటకు దాన్ని 75 మిల్లీమీటర్లకు తగ్గించాల్సి వచ్చింది.

గుడ్లలోంచి వచ్చిన పిల్లలు తల్లి దగ్గర ఉండవు. ఆకులా పలచగా, గాజులా పారదర్శకంగా ఉండే లార్వాలు నెలల తరబడి సముద్ర ప్రవాహాల్లో కొట్టుకుపోతాయి. లక్షల్లో కొన్నే మళ్లీ తీరం చేరి రాళ్ల మధ్య స్థిరపడతాయి. కాబట్టి ఒక పెద్ద ఆడ లాబ్‌స్టర్‌ను తీసేస్తే ఆ ఖాళీ మరుసటి ఏడాదికి నిండదు. ఈ లెక్క బ్యాంకు డిపాజిట్ లాంటిది. కోటా ప్రకారం పట్టేవాళ్లు వడ్డీ తీసుకుంటారు. దొంగవేటగాడు అసలులోంచి తీస్తాడు, దానిమీద రావలసిన వడ్డీ కూడా ఆ రోజు నుంచి ఆగిపోతుంది.

సముద్రంలోని జీవికి యజమాని ఎవరు?

దక్షిణాఫ్రికా ప్రభుత్వం కంపెనీని తన కోర్టులో నిలబెట్టింది. 2002లో కంపెనీ నేరం ఒప్పుకుంది. జరిమానా కట్టింది, రెండు పడవలనూ కంటైనర్‌లోని సరుకునూ పోగొట్టుకుంది. అసలు సూత్రధారులు మాత్రం అమెరికాలో ఉన్నారు. వాళ్లను అక్కడే విచారించడానికి దక్షిణాఫ్రికా సహకరించింది.

అందుకు పనికొచ్చింది అమెరికాలో 1900లో వచ్చిన లేసీ చట్టం. మొదట్లో ఇది వేట జంతువులు, పక్షుల అక్రమ రవాణాను ఆపడానికి చేసిన చట్టం. తర్వాతి సవరణలతో దాని పరిధి పెరిగింది. మరో దేశపు చట్టాన్ని ఉల్లంఘించి పట్టిన జీవులను తెలిసి దిగుమతి చేసుకుంటే అమెరికాలో కూడా నేరమే. తీవ్రమైన ఉల్లంఘనకు ఐదేళ్ల వరకు జైలు పడుతుంది. వేట ఒక దేశంలో, అమ్మకం మరో దేశంలో జరిగే ఇలాంటి వ్యాపారంలో కొనే దేశపు చట్టానికి చాలా బలం ఉంటుంది. డబ్బు చేతులు మారేది అక్కడే కదా.

2004లో ఆర్నాల్డ్ బెంగిస్, ఆయన కుమారుడు డేవిడ్ బెంగిస్, వ్యాపార భాగస్వామి జెఫ్రీ నోల్ నేరం ఒప్పుకున్నారు. ఆర్నాల్డ్‌కు 46 నెలలు, నోల్‌కు 30 నెలలు, డేవిడ్‌కు ఏడాది జైలు పడింది. ముగ్గురి నుంచీ కలిపి 74 లక్షల డాలర్ల జప్తుకు ఆదేశించారు. కేసు ఇక్కడితో ముగిసిపోతే అది మామూలు స్మగ్లింగ్ కథే అయ్యేది. అమెరికా ప్రాసిక్యూటర్లు ఇంకో మెట్టు ఎక్కి, దక్షిణాఫ్రికాకు నష్టపరిహారం ఇప్పించాలని అడిగారు.

నిందితుల తరఫు వాదన పైకి సమంజసంగానే కనిపిస్తుంది. చెరువులోని చేపకు యజమాని ఉంటాడు. బహిరంగ సముద్రంలో తిరిగే జీవి, పట్టేదాకా ఎవరి సొత్తూ కాదు. సొత్తు కానిదాన్ని తీస్తే ఎవరికి నష్టం? 2007లో కింది కోర్టు ఈ వాదననే అంగీకరించి పరిహారం నిరాకరించింది. 2011 జనవరిలో అప్పీలు కోర్టు దాన్ని తోసిపుచ్చింది. అక్రమంగా పట్టిన లాబ్‌స్టర్లను స్వాధీనం చేసుకుని అమ్ముకునే హక్కు దక్షిణాఫ్రికా ప్రభుత్వానికి ఆ దేశ చట్టం ప్రకారం ఉంది. పట్టుబడకుండా దాచి తరలించడం ద్వారా నిందితులు ఆ హక్కు విలువను హరించారు, అందువల్ల ప్రభుత్వం బాధిత పక్షమే అని తేల్చింది.

రెండు లెక్కలు

బాధితుడు ఎవరో తేలాక నష్టం ఎంతో తేల్చాలి. సముద్ర వనరుల అంచనాలో నైపుణ్యం ఉన్న ఒక దక్షిణాఫ్రికా సలహా సంస్థ రెండు పద్ధతుల్లో లెక్క వేసి ఇచ్చింది.

మొదటిది పునరుద్ధరణ లెక్క. దొంగవేట జరగకపోయి ఉంటే సముద్రంలో ఎంత లాబ్‌స్టర్ సంపద ఉండేది, ఇప్పుడు ఎంత ఉంది, ఆ తేడా పూడాలంటే చట్టబద్ధమైన వేటను ఎంత తగ్గించాలి, ఎన్నేళ్లు తగ్గించాలి, ఆ కాలంలో మత్స్యకారులూ పరిశ్రమా కోల్పోయే ఆదాయం ఎంత అన్నది ఇందులో చూస్తారు. దీనికి జీవుల ఎదుగుదల రేటు, సహజ మరణాల రేటు, సంతానోత్పత్తి అన్నీ కలిపిన గణిత నమూనా కావాలి. ఈ పద్ధతిలో నష్టం దాదాపు 4.67 కోట్ల డాలర్లని తేలింది.

రెండోది సరళమైనది. దొంగిలించిన సరుకు ఎంతో చూసి, దాన్ని మార్కెట్ ధరతో గుణించడమే. ఈ లెక్కలో సుమారు 6.19 కోట్ల డాలర్లు వచ్చింది.

అప్పీలు కోర్టు మార్కెట్ విలువ పద్ధతివైపు మొగ్గింది. ప్రభుత్వం కోల్పోయిన హక్కు సరుకును పట్టుకుని అమ్ముకునే హక్కే కాబట్టి అది తర్కానికి కుదిరింది. అంకెను నిరూపించడమూ తేలిక. మళ్లీ కింది కోర్టుకు వచ్చాక, అమెరికాకు వచ్చిన సరుకును మాత్రమే పరిగణించి, దక్షిణాఫ్రికాలో ఇదివరకే చెల్లించిన మొత్తాన్ని మినహాయించి, 2013లో సుమారు 2.24 కోట్ల డాలర్లు కట్టమని తీర్పు వచ్చింది. ఆస్తులు దాచి పరిహారం ఎగ్గొట్టే ప్రయత్నాలు తర్వాత బయటపడ్డాయి. 2017లో ఆర్నాల్డ్ బెంగిస్‌కు కోర్టు మరో 57 నెలల జైలు విధించింది.

ఈ కేసులో మార్కెట్ లెక్క పునరుద్ధరణ లెక్కకన్నా ఎక్కువ వచ్చింది గనుక దక్షిణాఫ్రికాకు లాభమే జరిగింది. ప్రతిసారీ అలా రాదు. అందులో ఉన్నది అంతర్జాతీయ మార్కెట్లో మంచి ధర పలికే సైజు సరుకు. అదే చిన్నపిల్లల సరుకైతే లెక్క తలకిందులవుతుంది. మన దేశపు జరిమానాల సంగతి ఇక్కడే చూడాలి.

పిల్లకు తక్కువ జరిమానా

మన తీర రాష్ట్రాల సముద్ర మత్స్య నియంత్రణ చట్టాలు 1979లో కేంద్రం పంపిన నమూనా బిల్లు ఆధారంగా వచ్చాయి. మొదట చట్టం చేసిన రాష్ట్రాల్లో కేరళ ఒకటి. 1980 నాటి ఆ చట్టం మూల రూపంలో జరిమానా సూత్రం ఇది: పట్టుబడిన సరుకు విలువ వెయ్యి రూపాయలు దాటితే దాని విలువకు ఐదు రెట్ల వరకు, లేకపోతే ఐదు వేల రూపాయల వరకు. ఐదు వేలు ఆ రోజుల్లో చిన్న మొత్తం కాదు. మరపడవల డీజిల్ ఖర్చుతో పోల్చినా అది ఇవాళ లెక్కలోకి రాదు. కేరళ 2017లో చట్టాన్ని సవరించి జరిమానాలను లక్షల్లోకి పెంచింది. 58 రకాల సముద్ర జీవులకు పట్టదగిన కనీస పరిమాణాన్ని కూడా నిర్దేశించింది.

‘సరుకు విలువకు ఐదు రెట్లు’ అనడం వినడానికి గట్టిగానే ఉంది. కానీ ఒక ఊహాత్మక లెక్క వేసి చూద్దాం. ఎగుమతికి పనికొచ్చే పెద్ద లాబ్‌స్టర్ కిలో 2,000 రూపాయలు, ఎగుమతికి పనికిరాని పిల్ల లాబ్‌స్టర్ కిలో 500 రూపాయలు అనుకుందాం. కిలో పెద్దవి పట్టాలంటే రెండో మూడో చాలు, వాటిలో కొన్ని ఇదివరకే గుడ్లు పెట్టి ఉంటాయి. కిలో పిల్లలంటే పది ప్రాణాలు, అందులో ఒక్కటీ గుడ్లు పెట్టి ఉండదు. ఐదు రెట్ల సూత్రం ప్రకారం మొదటివాడికి 10,000, రెండోవాడికి 2,500 జరిమానా పడుతుంది. సముద్రానికి ఎక్కువ నష్టం చేసినవాడు తక్కువ కడతాడు. పునరుద్ధరణ లెక్క పెడితే ఈ వరుస మారుతుంది. పోయిన పది పిల్లలు ఎన్నేళ్లకు ఎన్ని కిలోలయ్యేవి, ఎన్ని గుడ్లు పెట్టేవి అన్నది ఆ లెక్కలోకి వస్తుంది.

చిన్నవాటిని కాపాడటానికి మన దేశం మరో దారి కూడా తొక్కింది. కొచ్చిలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ అధ్యయనాల నేపథ్యంలో, 2003లో వాణిజ్య మంత్రిత్వ శాఖ లాబ్‌స్టర్ల ఎగుమతికి కనీస బరువులు నిర్ణయించింది. పనులిరస్ హోమారస్ రకానికి 200 గ్రాములు, పాలిఫేగస్‌కు 300, ఆర్నేటస్‌కు 500, ఇసుక లాబ్‌స్టర్‌కు 150 గ్రాములు. ప్రతి రకం ఏ బరువులో సంతానోత్పత్తికి సిద్ధమవుతుందన్నదే వీటికి ఆధారం. ఇసుక లాబ్‌స్టర్ విషయంలో భయానికి కారణం ఉంది. ముంబై తీరంలో ట్రాలర్ల వలల్లో విరివిగా పడిన ఈ జీవి 1994 నాటికి అక్కడ దాదాపు కనుమరుగైంది.

ఎగుమతి నిబంధనలో ఒక ఖాళీ ఉంది. విదేశానికి పంపేటప్పుడే అది వర్తిస్తుంది. 120 గ్రాముల హోమారస్ ఓడ ఎక్కలేదు గానీ, రేవు పక్కనున్న హోటల్లో పళ్లెంలోకి రావడానికి ఆ నిబంధన అడ్డు కాదు. దాన్ని ఆపాలంటే రాష్ట్రాలు పట్టే దగ్గరే కనీస పరిమాణం పెట్టాలి, రేవులో కొలిచి చూడాలి. కొలబద్ద పట్టుకుని నిలబడే మనిషి లేకుండా గెజిట్‌లోని మిల్లీమీటర్లకు విలువ ఉండదు.

పదిసార్లలో ఒకసారి

నేరం, శిక్షల మీద ఆర్థికవేత్త గ్యారీ బెకర్ 1968లో రాసిన వ్యాసం మత్స్య రంగంలో ఇప్పటికీ వాడుకలో ఉంది. నేరం చేసేవాడు శిక్ష ఎంత పెద్దదో మాత్రమే చూడడు, దొరికిపోయే అవకాశం ఎంతో కూడా చూస్తాడు, ఆ రెండింటి గుణకారమే అతణ్ని ఆపుతుంది లేదా ఆపదు అన్నది అందులోని వాదన.

దీన్నీ రూపాయల్లోకి మార్చి చూడొచ్చు. ఒక్కో అక్రమ వేటలో లక్ష రూపాయల సరుకు వస్తుందనుకుందాం. పదిసార్లలో ఒకసారి దొరుకుతాడు. దొరికినసారి సరుకు పోతుంది, ఐదు రెట్ల జరిమానా ఐదు లక్షలు కట్టాలి. మిగతా తొమ్మిదిసార్ల రాబడి తొమ్మిది లక్షలు. జరిమానా పోను నాలుగు లక్షలు మిగులుతాయి. అతనికి జరిమానా కూడా డీజిల్, ఐసు, జీతాల్లాగే ఒక ఖర్చు. ఇప్పుడు జరిమానా అంతే ఉంచి, నాలుగుసార్లలో ఒకసారి దొరికేలా నిఘా పెంచితే, మూడు లక్షల రాబడి మీద ఐదు లక్షలు పోతాయి. వ్యాపారం నష్టంలో పడుతుంది. నిఘా పెంచకుండా జరిమానాతోనే ఇదే ఫలితం కావాలంటే అది తొమ్మిది లక్షలు దాటాలి. చిన్న పడవ మత్స్యకారుడికి అంత కట్టే శక్తి ఉండదు. అంత కట్టగలిగినవాడు వకీలును పెట్టుకుంటాడు. హౌట్ బే కేసులో లంచాలు ఎందుకంత ముఖ్యమయ్యాయో కూడా ఈ లెక్కే చెబుతుంది. తనిఖీ అధికారిని కొన్నవాడు దొరికే అవకాశాన్నే సున్నాకు దించేస్తాడు.

అయితే మత్స్యకారులందరూ ఈ లెక్క వేసుకునే బతకరు. మలేషియా మత్స్యకారుల మీద కుపెరన్, సుటినెన్ 1998లో ప్రచురించిన అధ్యయనం ఈ విషయంలో ప్రసిద్ధం. శిక్ష భయంతోపాటు, నిబంధన న్యాయమైనదని నమ్మడం, తోటివాళ్లు పాటిస్తున్నారా లేదా అన్నది కూడా చట్టానికి కట్టుబడటంలో పాత్ర వహిస్తాయని అది చూపింది.

దీనికి మన దేశంలోనే ఒక మంచి ఉదాహరణ ఉంది. కేరళలోని కొల్లం దగ్గర అష్టముడి సరస్సులో మెత్తటి బురద ఇసుకలో దొరికే ఒక రకం గుల్లలకు 1980ల మొదట్లో విదేశీ గిరాకీ వచ్చింది. 1991లో దిగుబడి సుమారు 10,000 టన్నులకు చేరింది. 1993 కల్లా సగానికి పడిపోయింది. పిల్లల దశలోనే ఏరేయడం, గుడ్లు పెట్టే కాలంలో కూడా ఆపకపోవడం కారణాలని శాస్త్రవేత్తలు తేల్చారు. డిసెంబర్ నుంచి ఫిబ్రవరి వరకు వేట నిలిపివేత, వల కన్నుకు కనీస కొలత, కిలోకు 1,400 గుల్లలకు మించి తూగే చిన్న సైజు ఎగుమతిపై నిషేధం, యంత్రాలతో తవ్వడంపై నిషేధం వచ్చాయి. దిగుబడి కోలుకుంది. 2014లో ఈ గుల్లల వేటకు మెరైన్ స్టీవార్డ్‌షిప్ కౌన్సిల్ ధ్రువీకరణ లభించింది. దేశంలో ఆ గుర్తింపు పొందిన మొదటి మత్స్య వనరు ఇదే.

ఇక్కడ నిబంధనలు నిలబడటానికి కారణాలు వెతికితే జరిమానా మొత్తం మొదటి వరుసలో కనిపించదు. ఒక గుల్ల సరస్సులో ఎక్కడికీ పోదు, ఈ ఏడాది వదిలింది వచ్చే ఏడాది అక్కడే ఉంటుంది, ఫలితం కళ్ల ముందే కనిపిస్తుంది. సరస్సు చిన్నది, ఎవరి పడవ ఎవరిదో అందరికీ తెలుసు. ఎగుమతిదారు చిన్న సైజును కొనకపోతే పట్టినవాడికి ఉపయోగం లేదు. సెలవు కాలం, వల కన్ను, కొనుగోలు సైజు మూడూ ఒకే దిశలో లాగుతున్నాయి. బహిరంగ సముద్రంలో ఇన్ని అనుకూలతలు ఒకచోట కలవవు. కాబట్టి అష్టముడి నమూనాను యథాతథంగా లాబ్‌స్టర్లకు తెచ్చి పెట్టలేం.

జైలు దాకా తీసుకెళ్లే గుల్లలు

కొన్ని గుల్లల విషయంలో మన చట్టం సైజు, సీజన్ల మాటే ఎత్తదు, ముట్టుకోవద్దంటుంది. 2001లో కేంద్రం 24 రకాల సముద్రపు నత్తలు, గుల్లలను వన్యప్రాణి సంరక్షణ చట్టం పరిధిలోకి తెచ్చింది. వాటిలో రెండు రకాల రాక్షస గుల్లలు, నాటిలస్ మొదటి షెడ్యూల్లో, అంటే పులి సరసన చేరాయి. 2022 సవరణ తర్వాత, మొదటి షెడ్యూల్ జీవి విషయంలో నేరానికి మూడు నుంచి ఏడేళ్ల జైలు, కనీసం 25,000 రూపాయల జరిమానా. సాధారణ ఉల్లంఘనకు గరిష్ఠ జరిమానా 25,000 నుంచి లక్ష రూపాయలకు పెరిగింది.

తెలుగువారికి దగ్గరగా ఉన్న పేరు కూడా ఆ 2001 జాబితాలో ఉంది. కాకినాడ అఖాతంలో దొరికే కిటికీ ఆల్చిప్ప అది. దీని చిప్ప పలచగా, వెలుతురు చొచ్చుకొచ్చేలా ఉంటుంది. గోవాలో పాత ఇళ్ల కిటికీలకు అద్దాల బదులు ఈ చిప్పలనే బిగించేవారు. కాకినాడ వైపు దీన్ని ఇతర గుల్లలతో కలిపి సున్నం బట్టీలకు ఏరేవారు. గుల్ల సున్నం మన ఇళ్ల గోడలకు ఎంత పాత చుట్టమో చెప్పనక్కర్లేదు. అయితే బురదలో గుల్లలు ఏరుకునే కుటుంబానికి తన గంపలోని వంద చిప్పల్లో ఏది షెడ్యూల్లో ఉందో, ఏది లేదో తెలియాలంటే ఎవరైనా చూపించి చెప్పాలి. ఆ పని జరగని చోట పెద్ద శిక్ష పడేది ఏరినవాళ్ల మీదే, కొన్న బట్టీ యజమాని మీద కాదు.

కొనేవాడి దాకా వెళ్లకపోతే సరుకు ఎంతగా పోగుపడుతుందో ఫిలిప్పీన్స్‌లో కనిపించింది. 2021 ఏప్రిల్‌లో అక్కడి పలవాన్ ప్రాంతంలో సుమారు 200 టన్నుల రాక్షస గుల్లల చిప్పలు పట్టుబడ్డాయి. విలువ దాదాపు 2.5 కోట్ల డాలర్లని అధికారులు చెప్పారు.

వెలితిని భరిస్తున్నదెవరు?

హౌట్ బే తీర్పుల తర్వాత దక్షిణాఫ్రికా సముద్రంలో పరిస్థితి మెరుగుపడిందా? పడలేదు. 2010ల చివరికి పశ్చిమ తీరపు రాతి లాబ్‌స్టర్ సంపద, వేట మొదలుకాక ముందున్న దానిలో 2 శాతం దగ్గరికి పడిపోయిందని ప్రభుత్వ శాస్త్రవేత్తల అంచనా. నేరం ఒక్క కంపెనీతో ఆగలేదు. దానికి తోడు కోటాలను కూడా ఎక్కువగానే ఇస్తూ వచ్చారు. 2017-18 సీజన్‌కు 790 టన్నులకు మించవద్దని శాస్త్రవేత్తలు సిఫార్సు చేస్తే, ప్రభుత్వం సుమారు 1,924 టన్నులకు అనుమతి ఇచ్చింది. డబ్ల్యూడబ్ల్యూఎఫ్ దక్షిణాఫ్రికా విభాగం దీన్ని సవాలు చేసింది. 2018 సెప్టెంబర్‌లో అక్కడి హైకోర్టు ఆ కోటా చట్టవిరుద్ధమని తీర్పు చెప్పింది. అక్రమ వేటకు ప్రైవేటు వ్యక్తుల మీద కేసులు పెట్టిన ప్రభుత్వమే ఈసారి ప్రతివాది.

ఒక జీవి తగ్గినా, చోటు మారినా దెబ్బ దాని దగ్గరే ఆగదు. 1990 ప్రాంతంలో ఈ లాబ్‌స్టర్లు తమ పాత నెలవు దాటి, కేప్ హ్యాంగ్‌క్లిప్ అనే కొనకు తూర్పుగా పెద్ద సంఖ్యలో చేరాయి. అక్కడి సముద్రపు ముళ్ల బంతులను తినేశాయి. ఆ ముళ్ల కింద తలదాచుకునే అబలోన్ నత్త పిల్లలకు నీడ పోయింది. ఆ అబలోన్ మీద దొంగవేటగాళ్ల కన్ను మరీ ఎక్కువ. 2000 నుంచి 2016 వరకు సుమారు 9.6 కోట్ల అబలోన్‌లు దొంగవేటకు పోయాయని ట్రాఫిక్ అనే వన్యప్రాణి వ్యాపార పరిశీలన సంస్థ 2018లో అంచనా వేసింది. అక్కడి చట్టంలో జరిమానా 20 లక్షల ర్యాండ్ల వరకు, జైలు ఐదేళ్ల వరకు ఉంది.

రాతి లాబ్‌స్టర్ కోటాను నిర్ణయించే గణిత నమూనాలో ‘దొంగవేట’ అనే ఒక అంకె ఉంటుంది. మొత్తం సంపద ఎంత, ఏటా ఎంత పెరుగుతుంది, ఎంత సహజంగా చనిపోతుంది అని వేసుకున్నాక, అక్రమంగా పోయేది ఎంతో అంచనా వేసి తీసేస్తారు. మిగిలిన దానిలోంచే చట్టబద్ధమైన వేటకు వాటా వస్తుంది. దొంగవేట అంచనా పెరిగితే ఆ వాటా తగ్గుతుంది. కోర్టు తీర్పు తర్వాత 2018-19 సీజన్‌కు కోటాను 1,084 టన్నులకు కుదించారు. ఆ టన్నులను పెద్ద పడవల కంపెనీలు, చిన్న పడవలవాళ్లు, బోను దించి పొట్ట పోసుకునే తీరగ్రామాల కుటుంబాలు పంచుకోవాలి. పునరుద్ధరణ లెక్కలో శాస్త్రవేత్తలు ‘వేట తగ్గించాల్సిన ఏళ్లు’ అని రాసిన గడిని నింపుతున్నది ఈ కుటుంబాలే. అనుమతి పత్రంలో తమ పేరు పక్కన పోయినేడాదికన్నా తక్కువ కిలోలు చూసుకున్న ఆ ఇళ్లవాళ్లు ఏ కోర్టులోనూ నేరం ఒప్పుకున్నవాళ్లు కారు.